జీపు వెనక షాకులు: కొలిచి కొనడం, సరిగ్గా బిగించడం

షాక్ అబ్జార్బరు బండి బరువు మొయ్యదు. ఆ పని కమాన్ కట్టలది (లీఫ్ స్ప్రింగులు, అంటే వంచిన ఉక్కు పట్టీల కట్టలు), కాయిల్ స్ప్రింగులది. గుంతలో పడ్డప్పుడు స్ప్రింగు అణిగి, మళ్ళీ పైకి తన్ని, ఊగుతూ ఉంటుంది. ఆ ఊపును చంపడం షాకు పని. లోపల పిస్టను నూనెలో కదులుతుంటే, దానికున్న సన్నటి దారుల్లోంచి నూనె బలవంతంగా దూరి వెళ్ళాలి. అలా ఊపులోని శక్తి వేడిగా మారి, షాకు ఒంటి మీదుగా గాలిలోకి పోతుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే తప్పుడు కొనుగోళ్ళు సగం తగ్గుతాయి. వెనక నలుగురు ఎక్కితే బండి కుంగుతోందని గట్టి షాకులు వేయించేవాళ్ళు చాలామంది ఉన్నారు. కుంగడం ఆగదు, కుదుపు పెరుగుతుంది. కుంగుతున్న బండికి కావలసింది కట్టలో అదనంగా ఒక పట్టీ, లేదా కొత్త కాయిల్.

ఇక్కడ చెప్పేది ముఖ్యంగా వెనక నిండు హౌసింగూ (రెండు వెనక చక్రాలనూ కలిపే ఇరుసు గొట్టం) కమాన్ కట్టలూ ఉన్న బండ్ల గురించి. మారుతీ జిప్సీ, 2020కి ముందరి మహీంద్రా థార్, బొలేరో అన్నీ ఈ కోవలోవే. వీటిలో షాకు స్ప్రింగుకు అంటకుండా విడిగా ఉంటుంది కాబట్టి రెండు మూడు పానాలు, మంచి జాకీ, రెండు స్టాండ్లు ఉంటే ఇంటి ముందే మార్చుకోవచ్చు. జిమ్నీకి వెనక కాయిల్ స్ప్రింగులున్నా షాకులు విడిగానే ఉంటాయి. పద్ధతి దాదాపు ఇదే, తేడా ఉన్నచోట విడిగా చెప్తాం. 2020లో వచ్చిన కొత్త థార్‌లో మాత్రం కాయిల్ షాకుకే చుట్టి ఉంటుంది. ఆ రెండిటినీ వేరు చెయ్యాలంటే స్ప్రింగ్ కంప్రెసర్ కావాలి. నొక్కి పట్టిన కాయిల్ జారిందంటే ప్రాణాల మీదికి వస్తుంది. ఆ విడదీసే పని షాపులోనే చేయించుకోండి.

షాకు పోయిందని ఎలా తెలుస్తుంది

బంపరు మీద చెయ్యి వేసి నొక్కి వదిలి, ఎన్నిసార్లు ఊగిందో లెక్కపెట్టే పరీక్ష కారుకు పనికొస్తుంది. కమాన్ కట్టల బండికి దాన్ని నమ్మకూడదు. పట్టీలు ఒకదాని మీద ఒకటి రాసుకోవడమే కొంత ఊపును చంపుతుంది కాబట్టి, షాకు పూర్తిగా చచ్చిపోయినా బండి ఒక్క ఊపుతో ఆగినట్టే కనిపిస్తుంది.

నమ్మదగ్గ పరీక్షలు రెండున్నాయి. మొదటిది వేడి. గుంతల రోడ్డు మీద పది పదిహేను కిలోమీటర్లు నడిపి ఆపి, రెండు షాకుల ఒంటినీ జాగ్రత్తగా తాకి చూడండి (బాగా కాలవచ్చు, ముందు వేలి వెనక భాగంతో తాకండి). పనిచేసే షాకు వేడెక్కుతుంది. ఒకటి వేడిగా, ఇంకోటి చల్లగా ఉంటే చల్లగా ఉన్నది పని మానేసినట్టే. రెండోది, కింది బోల్టు విప్పి చేత్తో లాగి నొక్కి చూడటం. కదలిక మొదటి నుంచి చివరిదాకా ఒకే బిగువుగా ఉండాలి. మధ్యలో ఎక్కడైనా ఒక్కసారిగా వదులై మళ్ళీ పట్టుకుంటే లోపల నూనె తగ్గింది, లేదా వాల్వు పాడైంది. సాధారణంగా లాగేటప్పుడు ఎక్కువ బిగువు, నొక్కేటప్పుడు తక్కువ బిగువు ఉంటుంది. అది లోపం కాదు, తయారీయే అలా ఉంటుంది. గ్యాస్ షాకైతే నొక్కి వదలగానే తనంతట తాను నెమ్మదిగా బయటికి రావాలి. రాకపోతే గ్యాస్ పోయింది.

కడ్డీ చుట్టూ సీలు దగ్గర పల్చటి నూనె పొర, దానికి అంటుకున్న దుమ్ము కనిపిస్తే భయపడక్కర్లేదు. కడ్డీ బయటికి వచ్చిన ప్రతిసారీ నూనె తడిని కాస్త వెంట తెస్తుంది. నూనె ధారగా ఒంటి మీదికి కారి, కింది కంటి (షాకు చివర బోల్టు దూరే గుండ్రటి రింగు) దాకా తడిసి ఉంటే మాత్రం మార్చాల్సిందే. టైరు మీద చెయ్యి తిప్పినప్పుడు గడులు ఒకటి ఎత్తుగా, ఒకటి పల్లంగా అలల్లా తగులుతుంటే టైరు నేలను వదిలి వదిలి పట్టుకుంటోందని అర్థం. అది కూడా షాకు మీదే వేలు చూపిస్తుంది, కానీ ముందు చక్రాల బేరింగు, బ్యాలెన్సింగు చూసుకోండి.

"టక్ టక్" మన్న చప్పుడు ఒక్కటే ఉండి బండి ఊగకపోతే షాకు కంటే బుష్షు (కంట్లో ఉండే రబ్బరు) అరిగి ఉండే అవకాశం ఎక్కువ. రెండు కళ్ళలోనూ రబ్బరు చూడండి. చాలా బండ్లకు బుష్షు విడిగా దొరుకుతుంది, షాకు మొత్తం మార్చనక్కర్లేదు.

మార్చాలని తేలితే ఆ ఇరుసుకు రెండు వైపులా ఒకేసారి మార్చండి. ఒకటి కొత్తది, ఒకటి పాతది ఉంటే మలుపులో, ముఖ్యంగా కంకర మీద, వెనక భాగం ఒక వైపుకు తన్నుతుంది.

ముందు కొలత, తర్వాతే కంపెనీ

అంగళ్ళలో అడిగే మొదటి ప్రశ్న "ఎన్ని అంగుళాల లిఫ్టు?" అని, అంటే బండిని ఎంత ఎత్తు పెంచారని. అసలు అడగాల్సింది వేరు: ఈ షాకు పూర్తిగా మూసుకుంటే ఎంత పొడుగు, పూర్తిగా తెరుచుకుంటే ఎంత పొడుగు? మీ బండిలో షాకును పట్టి ఉంచే పై పిన్ను నడిమి నుంచి కింది పిన్ను నడిమి దాకా మూడు కొలతలు కావాలి.

మొదటిది, సమతలం మీద మామూలు సామానుతో నిలబడి ఉన్నప్పటి దూరం. ఇది తేలిక.

రెండోది, చక్రం పూర్తిగా పైకి వెళ్ళినప్పటి దూరం, అంటే హౌసింగు ఛాసిస్‌కు కొట్టుకోకుండా ఆపే బంప్ స్టాప్ రబ్బరు తగిలి గట్టిగా అణిగినప్పటిది. ఒక వెనక చక్రాన్ని రాయి మీదికో ర్యాంపు మీదికో ఎక్కించి, ఆ మూల మీద మనుషుల్ని కూర్చోబెట్టి కొలవండి. రబ్బరు తగిలీ తగలకుండా ఉంటే మిగిలిన ఖాళీని కొలిచి తీసేయండి. వేగంగా పడ్డప్పుడు రబ్బరు తన ఎత్తులో సగం దాకా అణుగుతుంది కాబట్టి ఆ సగాన్నీ తీసేయండి. లెక్కలో ఎక్కువమంది వదిలేసేది ఈ సగాన్నే.

మూడోది, చక్రం పూర్తిగా వేలాడినప్పటి దూరం. షాకు కింది బోల్టు విప్పి, ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టి, హౌసింగును జాకీతో నెమ్మదిగా దించుతూ పోండి. కట్ట ఇంక జారనంటుంది, లేదా బ్రేకు గొట్టం బిగిసిపోతుంది. ఏది ముందైతే అక్కడే ఆపి కొలవండి. బ్రేకు గొట్టాన్ని ఎప్పుడూ లాగనివ్వకండి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. నిలబడి ఉన్నప్పుడు 430 మి.మీ., పూర్తిగా అణిగినప్పుడు 345, పూర్తిగా వేలాడినప్పుడు 525 వచ్చిందనుకోండి. మూసుకునే వైపు 15 మి.మీ. వెసులుబాటు ఉంచుకోవాలి. కాబట్టి కావలసిన షాకు మూసుకున్న పొడుగు 330 దాటకూడదు. తెరుచుకున్న పొడుగు 535 ఉంటే సుఖం. ఇప్పుడు అంగట్లో రెండు రకాలు దొరికాయి. ఒకటి మూసుకుంటే 342, తెరుచుకుంటే 560. రెండోది మూసుకుంటే 322, తెరుచుకుంటే 518. చూడగానే మొదటిదే మేలనిపిస్తుంది, చక్రం ఇంకా కిందికి దిగుతుంది కదా అని. తీసుకోవలసింది రెండోది.

ఎందుకంటే పైకి వెళ్ళే దారిలో మొదటి దానికి 3 మి.మీ. మాత్రమే మిగిలింది. పిన్నుల దగ్గర బుష్షులు అణిగినా, కట్ట కాస్త మెలి తిరిగినా, బంప్ స్టాప్ కంటే ముందే షాకు లోపలి పిస్టను అడుగుకు కొట్టుకుంటుంది. అప్పటి నుంచి బండి బరువు మొత్తం, దూకిన వేగంతో సహా, ఆ షాకు మీదా, ఛాసిస్‌కున్న పై పిన్ను మీదా పడుతుంది. కడ్డీ వంగుతుంది, లేదా పిన్ను బ్రాకెట్టు ఛాసిస్ నుంచి చీలుతుంది. రెండో దాంట్లో 7 మి.మీ. దిగుదల తగ్గుతుంది, అంతే. చక్రం వేలాడేటప్పుడు షాకు హౌసింగు బరువును పట్టుకోవాల్సి వస్తుంది, అదీ మంచిది కాదు కానీ అక్కడి దెబ్బ చాలా చిన్నది. తరచుగా బండ రాళ్ళ మీద చక్రాలు వేలాడేసే వాళ్ళు హౌసింగుకూ ఛాసిస్‌కూ మధ్య గట్టి నైలాన్ పట్టీ కట్టుకుంటే, ఆ బరువును షాకు బదులు పట్టీయే పట్టుకుంటుంది. పొడుగు షాకే కావాలని పట్టుబడితే బంప్ స్టాప్ కింద 12 లేదా 15 మి.మీ. దిమ్మ వేసి కిందికి దించాలి. అప్పుడు పైకి వెళ్ళే దారి అంత మేరకు పోతుంది.

మార్పు చేయని బండికి "2 అంగుళాల లిఫ్టు షాకులు" వేస్తే జరిగే నష్టం సరిగ్గా ఇదే. ఎత్తు పెరగదు, ఎందుకంటే ఎత్తు పెంచేది స్ప్రింగు. షాకు మాత్రం లోపల కొట్టుకుని చస్తుంది. తిరగేసి, ఎత్తు పెంచిన బండికి పాత షాకులే ఉంచితే చిన్న గుంతలోనే పూర్తిగా తెరుచుకుని టప్పుమని కొడుతుంటాయి. ఇంకో మాట: మోటారు వాహనాల చట్టంలోని సెక్షన్ 52 తయారీదారు ఇచ్చిన రూపాన్ని మార్చడంపై ఆంక్షలు పెడుతుంది. అదే కొలతల్లో షాకు మార్చడం మరమ్మతు. బండి ఎత్తు పెంచడం మరమ్మతు కిందికి రాదు.

కొలతతో పాటు రెండు చివర్లూ చూసుకోండి. గుండ్రటి కన్ను, అందులో రబ్బరు బుష్షు ఉండేది ఒక రకం. నేరుగా మరలున్న పుల్ల, పైనా కిందా రబ్బరు బిళ్ళలు ఉండేది ఇంకో రకం. కన్నైతే లోపలి గొట్టం సందు మీ పిన్నుకు సరిపోవాలి. 12 మి.మీ. బోల్టును 14 మి.మీ. సందులో వేసి బిగిస్తే కొన్ని రోజులు బాగానే ఉంటుంది, తర్వాత బోల్టును కొరికేస్తుంది. కన్ను వెడల్పు బ్రాకెట్టు ఖాళీకి సరిపోతుందో లేదో కొలవండి. షాకు ఒంటి లావు కూడా. లావు షాకులో నూనె ఎక్కువ, వేడి తట్టుకుంటుంది. కానీ టైరు, సైలెన్సర్ పైపు, కట్టల నుంచి కనీసం 15 మి.మీ. దూరం ఉండాలి, అదీ చక్రం పూర్తిగా అణిగినప్పుడు చూసిన దూరం.

వాలు గురించి కూడా ఒక మాట. షాకు నిలువుకు 30 డిగ్రీలు వాలి ఉంటే చక్రానికి అందే బిగువు సుమారు 75 శాతానికి పడిపోతుంది, 45 డిగ్రీలకు సగానికి. కొత్త బ్రాకెట్లు వెల్డింగు చేయించి షాకును ఏటవాలుగా పెట్టిన బండ్లు మెత్తగా ఊగుతుంటాయి. వాటికి ఇంకా గట్టి షాకు వెతికే ముందు ఈ వాలు చూడండి.

ఏ రకం షాకు

నూనె మాత్రమే ఉండే రెండు గొట్టాల షాకు చవక, మెత్తన. ఊళ్ళో తిరగడానికీ, అప్పుడప్పుడు పొలం దారికీ ఇది చాలు. దాని బలహీనత నురుగు. గతుకుల రోడ్డు మీద అరగంట ఆపకుండా వేగంగా వెళ్తే లోపలి గాలి నూనెలో కలిసి నురగైపోతుంది. పిస్టను నురగలో తేలిపోయి బిగువు మాయమవుతుంది. బండి చల్లారాక మళ్ళీ బాగైపోతుంది కాబట్టి చాలామంది దాన్ని గుర్తుపట్టరు.

అదే రెండు గొట్టాల షాకులో తక్కువ ఒత్తిడి నైట్రోజన్ నింపితే నురగ చాలా ఆలస్యమవుతుంది. ఆస్ట్రేలియా కంపెనీ ఏఆర్‌బీ అమ్మే ఓల్డ్ మ్యాన్ ఈము నైట్రోచార్జర్లు ఈ రకమే. సామానుతో అడవి దారులు, నదీ గర్భాలు తిరిగే కమాన్ కట్టల బండికి మేం చెప్పే రకం ఇదే. గట్టిదనం కట్టలకు తగ్గట్టు ఉంటుంది, బయటి గొట్టం రాయి తగిలి కాస్త నొక్కుకుపోయినా లోపలి గొట్టం పనిచేస్తూనే ఉంటుంది.

ఒకే గొట్టం, ఎక్కువ ఒత్తిడి గ్యాస్ ఉండే షాకు, బిల్‌స్టైన్ ప్రసిద్ధి చేసిన రకం, వేడిని బాగా వదిలేస్తుంది. బిగువు కచ్చితంగా ఉంటుంది. దాన్ని ఎటు తిప్పి అయినా బిగించవచ్చు. రెండు గొట్టాల దాన్ని తలకిందులుగా పెడితే గాలి పిస్టను దగ్గరికి చేరి పనే చెయ్యదు. కానీ ఒంటి గొట్టానికి రాయి తగిలి సొట్ట పడితే పిస్టను అక్కడ ఇరుక్కుంటుంది, అంతటితో దాని పని అయిపోయినట్టే. కట్టను హౌసింగుకు పట్టి ఉంచే యూ బోల్టు ప్లేటుకే కింది పిన్ను ఉండే బండ్లలో షాకు కింది భాగం నేలకు దగ్గరగా వేలాడుతుంది. రాళ్ళల్లో తిరిగేవాళ్ళు ఒంటి గొట్టం ఎంచుకుంటే కింద రేకు కవచం వేయించాలి.

గ్యాస్ షాకు కడ్డీని బయటికి తోస్తూ ఉంటుంది. 12.5 మి.మీ. కడ్డీ, 150 పీఎస్ఐ ఒత్తిడి ఉంటే ఆ తోపు సుమారు 13 కిలోలు. 14 మి.మీ. కడ్డీ, 300 పీఎస్ఐ ఉంటే 30 కిలోలు దాటుతుంది. దాంతో బండి కొన్ని మిల్లీమీటర్లు లేచినట్టు కనిపిస్తుంది. దాన్ని చూసి లిఫ్టు వచ్చిందని అనుకోకండి.

మీట తిప్పి బిగువు మార్చుకునే షాకులు, రాంచో 9000 శ్రేణిలా తొమ్మిది మెట్లున్నవి, ఖాళీ బండికీ నిండు బండికీ తేడా ఎక్కువున్న వాళ్ళకు నిజంగా ఉపయోగం. ఒకే బరువుతో తిరిగేవాళ్ళు ఒకసారి పెట్టి మళ్ళీ ముట్టుకోరు. ఆ డబ్బుతో కట్టలు కొత్తవి వేయించుకోవడం మేలు. పక్కన విడి సిలిండరు ఉన్న షాకులు రేసు బండ్లకు. మన ఘాట్ రోడ్ల వేగానికి వాటి అవసరం రాదు.

విప్పడం

ముందు రోజు సాయంత్రం నాలుగు బోల్టుల మరలనూ తీగ బ్రష్‌తో రుద్ది తుప్పు వదిలే నూనె కొట్టండి. పొద్దున్నే మళ్ళీ ఒకసారి. ఈ పని చేస్తే సగం బాధ పోతుంది.

గట్టి, చదునైన నేల కావాలి. బండి వెనక భాగం లేపితే చాలా బండ్లలో హ్యాండ్ బ్రేకు పనికిరాదు, అది పట్టేది వెనక చక్రాలనే. ముందు చక్రాలకు రెండు వైపులా చెక్క దిమ్మెలు గట్టిగా కొట్టండి. ఫోర్ వీల్ వేసి, గేరులో పెట్టండి. ముందు హబ్బులు చేత్తో లాక్ చేసే రకమైతే లాక్ చేయండి, లేకపోతే ఫోర్ వీల్ వేసిన ఫలితం ముందు చక్రాలకు చేరదు. చక్రాలు తీసే ఉద్దేశం ఉంటే నట్లు నేల మీద ఉండగానే ఒక చుట్టు వదులు చేసుకోండి.

హౌసింగు నడిమి గుండు కింద జాకీ పెట్టి లేపి, ఛాసిస్ కింద, కట్టల ముందు కొక్కేలకు కాస్త ముందుగా, రెండు స్టాండ్లు పెట్టండి. ఇటుకలు, మొద్దులు వద్దు, పగులుతాయి. బండి స్టాండ్ల మీద కూర్చున్నాక కూడా జాకీ హౌసింగు కిందే ఉండాలి. తీసెయ్యకండి. చాలా బండ్లలో హౌసింగు కిందికి దిగకుండా ఆపేది షాకులే. అవి విప్పగానే హౌసింగు జారి బ్రేకు గొట్టానికి వేలాడుతుంది. జిమ్నీలాంటి కాయిల్ బండిలో స్ప్రింగే గిన్నెలోంచి ఊడి పడుతుంది. అందుకే ఎప్పుడూ ఒక వైపు పూర్తి చేసి రెండో వైపుకు వెళ్ళండి.

జాకీని కొద్దికొద్దిగా ఎత్తుతూ దించుతూ ఉంటే ఒక చోట షాకు అటూ ఇటూ తోయకుండా తేలికగా ఉంటుంది. బోల్టు అక్కడ చేత్తో జారుతుంది. సుత్తితో బాదాల్సి వస్తోందంటే జాకీ ఎత్తు సరిగ్గా లేదు, లేదా బోల్టు లోపలి గొట్టానికి తుప్పుతో అంటుకుంది. అంటుకున్న బోల్టును ముందు బిగించే వైపు కొంచెం తిప్పి, తర్వాత విప్పే వైపు తిప్పండి. కదలనంటే రబ్బరును హ్యాక్సా పట్టీతో కోసి కన్నును వదిలించి, గొట్టాన్ని విడిగా పగలగొట్టండి. గ్యాస్ కటింగు మంట షాకు దగ్గరికి తేవద్దు. లోపల నూనె, ఒత్తిడిలో ఉన్న గ్యాస్ ఉన్నాయి, పక్కనే పెట్రోలు ట్యాంకు, బ్రేకు గొట్టం.

పుల్ల రకమైతే నట్టు తిప్పుతుంటే కడ్డీ కూడా తిరుగుతుంది. పుల్ల కొనలో చదును చేసిన రెండు అంచులుంటాయి, లేదా అలెన్ కీ గుంట ఉంటుంది. దాన్ని పట్టుకుని నట్టు తిప్పాలి. పాతది పోయేదే కాబట్టి దాన్ని ప్లయరుతో పట్టుకున్నా పర్లేదు. కొత్తదాన్ని మాత్రం కడ్డీ మీద ప్లయరుతో ఎప్పుడూ పట్టుకోకండి. క్రోమ్ మీద ఒక్క గీత పడితే ప్రతి కదలికకీ అది సీలును కోస్తుంది.

పాతది చేతికి రాగానే కొత్తదాని పక్కన నిలబెట్టి చూడండి. మూసుకున్న పొడుగు, కళ్ళ దిశ, పిన్ను సందు. తేడా కనిపిస్తే అక్కడే ఆగాలి. పిన్నులను, బ్రాకెట్టు వెల్డింగును బ్రష్‌తో శుభ్రం చేసి పగుళ్ళు వెతకండి. పిన్ను ఒక వైపు అరిగి గాడి పడి ఉంటే కొత్త బుష్షు నెల కూడా ఉండదు.

బిగించడం

రెండు గొట్టాల నూనె షాకు పెట్టెలో అడ్డంగా పడుకుని వచ్చి ఉంటుంది, లోపల గాలి పిస్టను కిందికి చేరి ఉంటుంది. బండిలో ఎలా నిలబడుతుందో అలా నిలబెట్టి, పూర్తిగా లాగి పూర్తిగా నొక్కుతూ ఐదారు సార్లు ఆడించండి. మొదట్లో గుటగుట వదులు తెలుస్తుంది, తర్వాత ఒకే బిగువు వస్తుంది. ఆ తర్వాత మళ్ళీ పడుకోబెట్టకండి. గ్యాస్ షాకుకు చుట్టూ పట్టీ కట్టి వస్తుంది. పై చివర బిగించి, కింది కన్ను పిన్నుకు ఎదురుగా పెట్టుకున్నాకే పట్టీ కోయండి. ముందే కోస్తే కడ్డీ పూర్తిగా బయటికొచ్చి, దాన్ని 30 కిలోల దాకా బలంతో నొక్కుతూ బోల్టు దూర్చాల్సి వస్తుంది.

రబ్బరు బుష్షుకు గ్రీజు, డీజిల్, ఇంజన్ ఆయిల్ పూయకండి. సహజ రబ్బరు ఉబ్బి మెత్తబడి చిరుగుతుంది. దూరకపోతే సబ్బు నీళ్ళు చాలు. పాలీయురెథేన్ బుష్షుకు సిలికాన్ గ్రీజు వెయ్యాలి, లేకపోతే కిర్రుమంటుంది.

పిన్ను మీద కన్ను ఎక్కించాక పైనుంచి వేసే వాషరు చూడండి. దాని వెడల్పు కన్ను లోపలి రంధ్రం కంటే పెద్దది కావాలి. చిన్న వాషరు వేస్తే, రబ్బరు అరిగిన రోజున షాకు పిన్ను మీంచి నడుచుకుంటూ బయటికొచ్చి నేల మీద ఈడుస్తుంది. నైలాన్ ఉన్న నట్టు, స్ప్రింగు వాషరు, చీలిక పిన్ను పాతవి మళ్ళీ వాడకండి.

ఇప్పుడు నట్లు చేత్తో, తర్వాత పానాతో తేలికగా ఆనేదాకా మాత్రమే తిప్పండి. పూర్తి బిగింపు ఇప్పుడే కాదు. చాలా కళ్ళలో రబ్బరు లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ అతుక్కుని ఉంటుంది. బోల్టు బిగించినప్పుడు లోపలి గొట్టం కదలకుండా పట్టుబడుతుంది, ఆ తర్వాత ప్రతి కదలికకూ రబ్బరు మెలి తిరుగుతుంది. చక్రం వేలాడుతున్నప్పుడు బిగిస్తే, బండి నేల మీదికి దిగగానే రబ్బరు అప్పటికే మెలి తిరిగిన స్థితిలో ఉంటుంది. ఇక గుంతలో పైకి వెళ్ళినప్పుడు ఇంకా మెలి. కొత్త బుష్షులు కొన్ని వందల కిలోమీటర్లకే చిరిగిపోయాయంటే చాలాసార్లు కారణం ఇదే, నాణ్యత కాదు.

కాబట్టి బండిని నేల మీదికి దించి, వెనక భాగం రెండు మూడు సార్లు గట్టిగా ఊపి, సొంత బరువు మీద కుదురుకున్నాక, ఇంజను ఆపి, చక్రాలకు దిమ్మెలు ఉంచి, కిందికి దూరి బిగించండి. జీపుల కింద ఆ మాత్రం జాగా ఉంటుంది. టార్కుకు (ఎంత బలంతో బిగించాలో చెప్పే కొలతకు) మీ బండి సర్వీసు పుస్తకంలో ఉన్నదే ఆధారం. అది దొరక్కపోతే, తల మీద 8.8 అని బలం గుర్తున్న 10 మి.మీ. బోల్టుకు సుమారు 45 నుంచి 50, 12 మి.మీ. బోల్టుకు సుమారు 80 నుంచి 85 న్యూటన్ మీటర్లు మామూలుగా వాడే లెక్క. ఛాసిస్‌కు వెల్డు చేసిన పిన్ను మరలైతే ఇంకాస్త తక్కువలో ఆగండి. తెగితే వెల్డింగు షాపుకు వెళ్ళాలి.

పుల్ల రకం బిగింపు వేరు. రబ్బరు బిళ్ళ వాషరు అంచుదాకా ఉబ్బగానే ఆపాలి, మధ్యలో గొట్టం ఉంటే వాషరు దానికి ఆనగానే ఆగిపోతుంది. రబ్బరు నలిగి బయటికి పొంగేదాకా బిగిస్తే షాకు వాలడానికి వీలుండదు, కడ్డీ వంగుతూ సీలు పోతుంది. తర్వాత రెండో నట్టు మొదటి దాని మీద లాక్ చేయండి. గాలి గన్నుతో ఈ నట్లు ఎక్కించకండి. కడ్డీ గిర్రున తిరిగి లోపల పిస్టను నట్టు వదులైన సందర్భాలు మెకానిక్‌లకు తెలుసు.

నడిపే ముందు, నడిపాక

రెండో వైపు కూడా అయ్యాక ఒక చక్రాన్ని రాయి మీదికి ఎక్కించి, మళ్ళీ మూలలన్నీ చూడండి. పూర్తిగా అణిగిన వైపు షాకు టైరును, పైపును తాకుతోందా? వేలాడే వైపు బ్రేకు గొట్టం, హ్యాండ్ బ్రేకు తీగ, హౌసింగు గాలి గొట్టం వదులుగా ఉన్నాయా? పొడుగు షాకులు వేసిన బండిలో ప్రొపెల్లర్ షాఫ్టు జారుడు ముక్క బయటికి ఎంత వచ్చిందో, షాఫ్టు చివర మడిచే క్రాసు కీలు కోణం బిగుసుకుంటోందో చూడాలి. వెనక బ్రేకు ఒత్తిడిని బరువును బట్టి మార్చే వాల్వు హౌసింగుకు కడ్డీతో కలిసి ఉంటే, ఎత్తు మారిన బండిలో ఆ కడ్డీని సర్దకపోతే వెనక బ్రేకులు తక్కువ పడతాయి.

కడ్డీ బయటికి కనిపించే షాకైతే సీలుకు ఆనించి ఒక సన్నటి ప్లాస్టిక్ టై వదులుగా కట్టి, మామూలుగా మీరు వెళ్ళే దారిలో ఒకసారి వెళ్ళిరండి. టై ఎక్కడికి తోయబడిందో చూస్తే, ఎంత దారి వాడుకుందో, మూసుకునే చివర ఇంకా ఎంత మిగిలిందో మిల్లీమీటర్లలో తెలుస్తుంది. 10 మి.మీ. కన్నా తక్కువ మిగిలితే బంప్ స్టాప్ దిమ్మ వెయ్యండి.

200 కిలోమీటర్ల తర్వాత, లేదా మొదటి రాళ్ళ దారి తర్వాత, అన్ని నట్లనూ మళ్ళీ టార్కుకు చూడండి. రబ్బరు కుదురుకుని ఒక పావు చుట్టు తీసుకోవడం మామూలే. ఒకే నట్టు పదేపదే వదులవుతుంటే దాన్ని ఇంకా బిగించకండి. లోపలి గొట్టం పొడుగు బ్రాకెట్టు వెడల్పుకు సరిపోవడం లేదని అర్థం.

నల్లరేగడి బురద కడ్డీ మీద ఎండితే గరుకు కాగితంలా గట్టిపడుతుంది. వాగు దాటి, బురద తొక్కి వచ్చిన రోజే, ఎండక ముందే, నీళ్ళతో కడ్డీ భాగం కడగండి. రబ్బరు ముసుగు ఉన్న షాకుల్లో బురద లోపల నిలిచి ఇంకా చెడు చేస్తుంది. ముసుగు అడుగున రంధ్రం ఉందో లేదో, అది మూసుకుపోయిందో చూసుకోవాలి. అధిక ఒత్తిడి నీళ్ళ గన్నును నేరుగా సీలు మీద పెట్టకండి.

పాత షాకులను మంటలో వెయ్యకండి, కటింగు మిషను పెట్టకండి. గ్యాస్ రకాన్ని వైస్‌లో బిగించి, కళ్ళజోడు పెట్టుకుని, పైన మందపాటి గుడ్డ కప్పి, తయారీదారు చెప్పిన చోట 3 మి.మీ. డ్రిల్లుతో నెమ్మదిగా చిన్న రంధ్రం చేస్తే బుస్సుమని గ్యాస్ పోతుంది. తర్వాత నూనెను డబ్బాలోకి ఒంపి, వాడిన ఇంజన్ ఆయిల్ తీసుకునేవాళ్ళకే ఇవ్వండి. ఇనుము పాత సామాన్ల కొట్టుకు వెళ్ళవచ్చు.